0.7 మిల్లీమీటర్ల దారి మూసుకుంటే

మగపిల్లి మూత్రనాళం చివరి భాగంలో లోపలి వ్యాసం సుమారు 0.7 మిల్లీమీటర్లు. మూత్రాశయం దగ్గర 2 మిల్లీమీటర్ల దాకా ఉండే దారి బయటికొచ్చే చోటికి అందులో మూడో వంతుకు సన్నబడిపోతుంది. అక్కడ కంటికి ఆనని స్ఫటికాలు, కాస్త జిగురు, కొంత వాపు తోడైతే చాలు, మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఆగిందంటే ఇక గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. 24 గంటలు తిరిగేసరికి రక్తంలో యూరియా, క్రియాటినిన్, పొటాషియం పెరుగుతుంటాయి. 48 గంటలు దాటితే ప్రాణం మీదికొస్తుంది. వైద్యం అందకపోతే ఆ తర్వాత కొద్ది రోజులకే పిల్లి చనిపోతుంది. ఆడపిల్లికి ఈ దారి పొట్టి, వెడల్పు. అందుకే పూర్తిగా మూసుకుపోవడం చాలా అరుదు. మగపిల్లిని పెంచేవాళ్లకు మిగతా జబ్బులన్నిటికంటే ముందు తెలియాల్సింది ఇదే.

నగర్తపేటలో ఈ మాట చెప్పుకోవడానికి కారణం ఉంది. మొదటి కెంపేగౌడ 1537లో కట్టించిన పాత బెంగళూరు పేటల నడుమ, చిక్కపేటకూ అవెన్యూ రోడ్డుకూ దగ్గర్లో, కింద బట్టల టోకు దుకాణాలూ నగల పనివాళ్ల గదులూ, పైన కాపురాలూ ఉండే చోటిది. ఎలుకలు బట్టల మూటలు కొరికేస్తాయని పిల్లిని చేరదీయడం ఇలాంటి పేటల్లో పాత అలవాటే. ఆ పిల్లి గోడలెక్కి తిరిగేది, ఎలుకల్ని పట్టి తినేది, ఎక్కడ మూత్రం పోసిందో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు చాలా ఇళ్లలో బండ్లకు భయపడి తలుపేసి పైఅంతస్తులోనే పెంచుతున్నారు. గిన్నెలో డ్రై ఫుడ్, మూలన లిట్టర్ ట్రే. దాని నడక తగ్గింది, వేటతో పాటు ఒంట్లోకి వెళ్లే నీరు తగ్గింది, బరువు పెరిగింది. మూత్రం అడ్డుపడే పిల్లుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే: ఆపరేషన్ అయిన, కాస్త లావైన, ఇంట్లోనే ఉండే, 2 నుంచి 7 ఏళ్ల లోపు మగపిల్లులు. (ఆపరేషన్ చిన్నప్పుడే చేయిస్తే మూత్రనాళం సన్నగా ఉండిపోతుందన్న భయం చాలామందికి ఉంది. కొలిచి చూసిన పరిశోధనల్లో అలాంటి తేడా కనిపించలేదు. ఆ భయంతో ఆపరేషన్ మానుకోవద్దు.) అయితే ట్రే ఇంట్లో ఉండడం వల్ల ఒక మేలు జరిగింది. వెనకటి పిల్లి విషయంలో కుదరనిది ఇప్పుడు కుదురుతుంది: లెక్కపెట్టవచ్చు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజుకు 2 నుంచి 4 సార్లు మూత్రం పోస్తుంది. గడ్డకట్టే రకం లిట్టర్ వాడితే ట్రే శుభ్రం చేసేటప్పుడు ఆ గడ్డల్ని చూడండి. ఎన్ని ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి. 3 గడ్డలు రోజూ వచ్చే చోట ఇవాళ 8 చిన్న చిన్నవి కనిపిస్తే మూత్రాశయంలో మంటో వాపో ఉందన్నమాట. గడ్డే లేకుండా పిల్లి మాత్రం ట్రేలోకి వెళ్లి వస్తూ ఉంటే అక్కడితో లెక్క ఆపి బయల్దేరాలి. ట్రేలో నడుం వంచి నిమిషాల తరబడి కూర్చోవడం, అరవడం, అదే పనిగా కింద నాక్కోవడం, ట్రే వదిలి చల్లటి గచ్చు మీదో బాత్రూంలోనో కూర్చుని ముక్కడం, చుక్క రక్తం. తర్వాత వాంతులు, తిండి మానేయడం, మంచం కిందికి దూరడం. పొట్ట కింది భాగంలో మూత్రాశయం చిన్న నారింజకాయలా గట్టిగా తగులుతుంది. దాన్ని మాత్రం నొక్కకూడదు, పగిలిపోవచ్చు.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఒకే చోట. ముక్కుతోంది కాబట్టి మలబద్ధకం అనుకుంటారు. రెండింటికీ కూర్చునే తీరు ఒకేలా కనిపిస్తుంది మరి. ఆముదమో నెయ్యో పట్టించి ఒక రోజు చూద్దామంటారు. ఆ ఒక రోజే దానికి మిగిలిన సమయం. ఇంకొందరు ఒంటికి వేడి చేసిందని బార్లీ నీళ్లో మజ్జిగో పడతారు, వీధి చివర కొబ్బరిబోండాం కొట్టించి సిరంజితో నోట్లో పోస్తారు. ప్రేమతో చేసే పనే. కానీ దారి మూసుకున్నప్పుడు లోపలికి పోసిన ప్రతి మిల్లీలీటరూ నిండిన మూత్రాశయం మీద ఇంకా ఒత్తిడి పెంచుతుంది. పైగా కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మూత్రం ఆగిన పిల్లిని చంపేది చివరికి ఆ పొటాషియమే. రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5.5 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాల్సింది 8 దాటితే గుండె లయ తప్పుతుంది. ఆసుపత్రిలో భయపడిన పిల్లి గుండె మామూలుగా నిమిషానికి 140 నుంచి 220 సార్లు కొట్టుకోవాలి. మూత్రం ఆగిన పిల్లికి అది 120 కన్నా తగ్గి, ఒళ్లు చల్లబడి ఉంటే డాక్టర్ ముందు గుండెను కాపాడే పనిలో పడతారు, మూత్రనాళం తర్వాతే.

ఆసుపత్రిలో ఏం చేస్తారో ముందే తెలిస్తే సంతకం పెట్టేటప్పుడు చేయి వణకదు. సెలైన్ పెడతారు. పొటాషియం మరీ ఎక్కువుంటే గుండె కోసం కాల్షియం గ్లూకోనేట్, పొటాషియం దిగడానికి గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఇస్తారు. మత్తిచ్చి సన్నటి కాథెటర్‌తో అడ్డు తొలగిస్తారు. ఆ గొట్టాన్ని 1 నుంచి 3 రోజులు అలాగే ఉంచుతారు. అడ్డు తీసేశాక మూత్రపిండాలు ఒక్కసారిగా చాలా ఎక్కువ మూత్రం వదులుతాయి. ఎంత పోతోందో కొలిచి అంతకు తగ్గట్టు సెలైన్ ఎక్కించాలి. అందుకే ‘గొట్టం పెట్టారుగా, ఇంటికి పంపేయండి’ అని తొందర పెట్టకూడదు. వేళకు చేరిన పిల్లుల్లో 90 శాతానికి పైగా బతికి ఇంటికొస్తాయి. ఈ అంకె నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఇంత ప్రాణాంతకమైన జబ్బులో ఇంత మంచి ఫలితం వస్తోందంటే, చనిపోతున్న వాటిలో చాలా మటుకు ఆలస్యం వల్లే పోతున్నాయన్నమాట. ఇంటికొచ్చాక మళ్లీ అడ్డుపడే అవకాశం 15 నుంచి 40 శాతం దాకా ఉంటుంది, అదీ ఎక్కువగా మొదటి వారాల్లో. అప్పుడు ట్రేలో గడ్డల లెక్క ఒక్క పూట కూడా వదలకూడదు. పదే పదే అడ్డుపడితే సన్నని భాగాన్ని తొలగించి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది.

మూత్రం వస్తూనే మంటతో, రక్తంతో ఇబ్బంది పడే పిల్లుల సంగతి వేరు. అడ్డుపడ్డవాటిని కూడా కలుపుకుని 10 ఏళ్ల లోపు పిల్లుల్లో మూత్రపు బాధలకు కారణం ఏమిటని చూస్తే, 55 నుంచి 65 శాతం వాటిలో రాయీ దొరకదు, సూక్ష్మజీవీ దొరకదు. మూత్రాశయం గోడ వాచి ఉంటుంది, అంతే. వైద్యులు దీన్ని ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. రాళ్లున్నవి 10 నుంచి 20 శాతం, స్ఫటికాల జిగురు ముద్ద అడ్డుపడ్డవి దాదాపు అన్నే. ఇన్ఫెక్షన్ ఉన్నవి 5 శాతం లోపు. అయినా మన దగ్గర మొదట చేతికొచ్చేది యాంటీబయాటిక్కే. మనుషుల మందుల షాపులో అడిగి తెచ్చి, పొడి చేసి వేసేవాళ్లూ ఉన్నారు. మూడు నాలుగు రోజులకు తగ్గుతుంది కూడా. తగ్గడానికి కారణం వేరే ఉంది: ఈ రకం వాపు ఏ మందూ ఇవ్వకపోయినా 85 శాతం దాకా పిల్లుల్లో వారంలోపే దానంతటదే సర్దుకుంటుంది. మందు గొప్పతనం అనుకుంటాం. కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది, మళ్లీ అదే మందు. యాంటీబయాటిక్ వేసే ముందు మూత్రం పరీక్ష చేయించమని డాక్టర్‌ను అడగండి. 10 ఏళ్లు దాటిన పిల్లుల్లో మాత్రం ఇన్ఫెక్షన్లు బాగా పెరుగుతాయి. అక్కడ కల్చర్ పరీక్ష తప్పనిసరి అనుకోవాలి.

రాళ్లలో ముఖ్యమైనవి రెండు రకాలు: స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్. వీటి చరిత్ర అంకెల్లోనే ఉంది. అమెరికాలో కార్ల్ ఆస్బోర్న్ 1981లో మొదలుపెట్టిన మిన్నెసోటా యూరోలిత్ సెంటర్‌కు ఆ రోజుల్లో వచ్చిన పిల్లి రాళ్లలో 78 శాతం స్ట్రువైట్, 2 శాతం ఆక్సలేట్. స్ట్రువైట్‌ను తగ్గించాలని కంపెనీలు తిండిలో మెగ్నీషియం తగ్గించి, మూత్రం ఆమ్లంగా మారేలా తయారీ మార్చాయి. 2002 నాటికి స్ట్రువైట్ 33 శాతానికి దిగింది, ఆక్సలేట్ 55 శాతానికి ఎక్కింది. ఆమ్లగుణం పెరిగితే ఒక రాయి కరుగుతుంది, ఇంకోటి కట్టడానికి వీలు దొరుకుతుంది. స్ట్రువైట్ ప్రత్యేక ఆహారంతో కొన్ని వారాల్లో కరిగిపోతుంది. ఆక్సలేట్ కరగదు, తీయాల్సిందే. కాబట్టి రాయి ఏ రకమో తెలియకుండా నీళ్లలో నిమ్మరసమో వెనిగరో కలిపి పెట్టడం మంచి చేస్తుందో చెడు చేస్తుందో చెప్పలేని పని. పిల్లి మూత్రం పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. ఏ వైపు ఎంత కదిలించాలన్నది పరీక్ష చూసి డాక్టర్ తేల్చాలి.

ఈ రెండు రాళ్లకూ, కారణం తెలియని వాపుకూ కూడా పనికొచ్చేది ఒక్కటుంది. నీరు. 4 కిలోల పిల్లికి రోజుకు అన్ని దారుల్లో కలిపి దాదాపు 200 మిల్లీలీటర్లు కావాలి. దాని తిండి అవసరం సుమారు 200 కిలోకేలరీలు. అంత శక్తి డ్రై ఫుడ్‌లో అయితే 55 గ్రాములకే వచ్చేస్తుంది. అందులో నీరు 10 శాతం కూడా ఉండదు, అంటే 5 మిల్లీలీటర్లు. మిగతా 195 పిల్లి గిన్నెలో తాగాలి. ఎడారి పిల్లుల సంతతి కాబట్టి దానికి దాహం త్వరగా వేయదు, అంత తాగదు. అదే శక్తి 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్‌లలో కావాలంటే దాదాపు 3 పడతాయి. ఒక్కో దాంట్లో 80 శాతం నీరే, అంటే 68 మిల్లీలీటర్లు. మూడింటికీ 204. గిన్నె ముట్టకపోయినా రోజుకు సరిపడా నీరు కడుపులో పడింది. ఎలుకను తిన్న పిల్లికీ ఇదే జరిగేది, ఎలుక ఒంట్లో 70 శాతం దాకా నీరే.

రోజూ 3 పౌచ్‌లంటే అందరికీ సాధ్యపడే ఖర్చు కాదు. అలాంటప్పుడు డ్రై ఫుడ్‌లోనే గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు నాననివ్వండి. 55 గ్రాములకు 100 మిల్లీలీటర్లు పోసినా సగం పని అయినట్టే. కోడిమాంసం ఉడికించిన నీళ్లు ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి లేకుండా తీసి పెడితే చాలా పిల్లులు గటగటా తాగుతాయి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి, తాలింపు వేసిన చారు అసలు వద్దు. నీళ్లగిన్నె తిండిగిన్నె పక్కన కాకుండా ఇంకో చోట, వెడల్పుగా, అంచు దాకా నిండి ఉండాలి. ఇంట్లో రెండు మూడు చోట్ల పెడితే ఇంకా మేలు. పాలు నీళ్లకు బదులు కావు. పెద్దయిన పిల్లుల్లో చాలా వాటికి పాలలోని లాక్టోజు అరగదు.

ఇక ఆ 55 నుంచి 65 శాతం పిల్లుల దగ్గరికి వద్దాం. రాయి లేదు, సూక్ష్మజీవి లేదు, మరి వాపు ఎందుకు? ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం ఏళ్ల తరబడి ఇదే పట్టుకుని పనిచేసింది. 2011లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో 20 జబ్బు పిల్లుల్ని, 12 ఆరోగ్యంగా ఉన్నవాటిని 77 వారాలు చూశారు. తిండి వేళలు మారడం, చూసుకునే మనిషి మారడం లాంటి అలవాటు తప్పిన సంఘటనలు జరిగిన వారాల్లో జబ్బు పిల్లులే కాదు, ఆరోగ్యంగా ఉన్నవి కూడా వాంతులు చేసుకున్నాయి, తిండి తగ్గించాయి, ట్రే బయట మలమూత్రాలు విడిచాయి. అంతకు ముందు, 2006లో, ఈ వాపున్న 46 ఇంటిపిల్లుల యజమానులకు మందుల జోలికి పోకుండా ఇంటి ఏర్పాట్లు మార్చుకోవడం నేర్పి 10 నెలలు గమనించారు. 70 నుంచి 75 శాతం వాటిలో మూత్రపు బాధ తిరగబెట్టలేదు. ఏ మాత్రతోనూ ఇంత ఫలితం చూపించడం తేలిక కాదు.

నగర్తపేటలో దీన్ని చదివితే గుర్తొచ్చేది ధర్మరాయస్వామి గుడి కరగ ఉత్సవం. చైత్ర పౌర్ణమి రాత్రి, నడిరాత్రి దాటాక కరగ గుడి నుంచి బయల్దేరుతుంది. వీధంతా జనం, వాద్యాలు, తెల్లవార్లూ మెలకువ, ఇంటినిండా చుట్టాలు. మనకు పండగే. మేడ మీద గదిలో ఉన్న పిల్లికి మాత్రం ఏ శబ్దం ఎటు నుంచి వస్తుందో తెలియని రాత్రి అది. దీపావళి టపాకాయలూ అంతే. పండగకు రెండు మూడు రోజుల ముందే వీధికి దూరంగా ఉన్న గదిలో, తలుపు దగ్గరగా వేసి, అట్టపెట్టెకు ఒకవైపు కోసి గుడ్డ పరిచి పెట్టండి. దాని ట్రే, నీళ్లు, తిండి ఆ గదిలోనే ఉండాలి. చుట్టాల పిల్లలు పెట్టెలో చేయి పెట్టకుండా చూడాలి. పండగ తర్వాత వారం గడ్డల లెక్క జాగ్రత్తగా చూడాలి. మామూలు రోజుల్లో కూడా ట్రేల సంఖ్యకు ఒక లెక్క ఉంది: ఎన్ని పిల్లులుంటే దానికి ఒకటి ఎక్కువ. రెండింటికి మూడు. ట్రే పొడవు పిల్లి ఒంటికి ఒకటిన్నర రెట్లు. బజారులో దొరికే ట్రేలు చాలా మటుకు చిన్నవే. పేటల్లోనే దొరికే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కొని ఒకవైపు అంచు కోస్తే చవగ్గా సరిపోతుంది. చోటు తక్కువున్న ఇంట్లో నేల మీద చోటు వెతక్కండి. అలమర పైన, కిటికీ గట్టున పిల్లి ఎక్కి కూర్చునేలా గుడ్డ పరిచినా అది దానికి దక్కిన చోటే.

మూత్రం తగ్గితే అందరం కంగారుపడతాం. ఎక్కువైతే ఎవరూ పట్టించుకోరు. 8, 10 ఏళ్ల పిల్లి నీళ్లు బాగా తాగుతోందని, గడ్డలు పెద్దవవుతున్నాయని మురిసిపోవద్దు. 10 ఏళ్లు దాటిన పిల్లుల్లో 30 నుంచి 40 శాతం వాటికి మూత్రపిండాల జబ్బు ఉంటుంది. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోయేసరికే మూడింట రెండొంతుల పని పోయి ఉంటుంది, క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికి నాలుగింట మూడొంతులు. క్రియాటినిన్ (డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో) 1.6 దాటితే రెండో దశ, 2.9 నుంచి మూడు, 5 దాటితే నాలుగు. నీళ్లు ఎక్కువ తాగడానికి షుగరూ థైరాయిడూ కూడా కారణాలే, ఒక్క రక్తపరీక్షతో మూడూ తేలతాయి. ఏడేళ్లు దాటాక ఏటా ఒకసారి చేయిస్తే చాలు. ఇంట్లో చేయగల పరీక్ష బరువు. ఇంటి తూకాలు చాలా వరకు వంద గ్రాముల తేడాను నమ్మకంగా పట్టుకోలేవు. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ త్రాసు మీద పిల్లిని బుట్టతో సహా పెట్టి, తర్వాత ఖాళీ బుట్ట తూచి తీసేయండి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టు.

పిల్లి నొప్పిని దాచుకుంటుందంటారు. మాంట్రియల్ విశ్వవిద్యాలయం 2019లో ప్రచురించిన కొలమానం ప్రకారం మొహంలో ఐదు చోట్ల అది బయటపడుతుంది: చెవులు పక్కలకు వాలడం, కళ్లు సగం మూసుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాల కిందికి దిగడం. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. నాలుగు వచ్చిందంటే నొప్పికి మందు కావాలి. ఆ మందు ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం కానే కాదు. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషమైన సందర్భాలున్నాయి. 650 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి 4 కిలోల పిల్లికి వేస్తే కిలోకు 162 మిల్లీగ్రాములు పడుతుంది. చిగుళ్లు నీలంగా, గోధుమరంగులోకి మారి, మొహం వాచి పోతుంది. జ్వరమొచ్చిందని అర మాత్ర వేసి చంపుకున్నవాళ్లు ఎంత ప్రేమగా వేసి ఉంటారో తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

శాకాహారుల ఇళ్లు ఎక్కువున్న పేట కాబట్టి పెరుగన్నం గురించి కూడా చెప్పాలి. పిల్లి టౌరిన్ అనే పదార్థాన్ని తగినంత సొంతంగా తయారు చేసుకోలేదు. అది మాంసంలో, చేపల్లోనే దొరుకుతుంది. లేకపోతే చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. గుండె సంగతిని 1987లో పాల్ పియోన్ బృందం సైన్స్ పత్రికలో రుజువు చేసింది. ఇంట్లో మాంసం వండరు సరే, టౌరిన్ కలిపిన పిల్లి తిండి డబ్బానో పౌచో తెచ్చిపెట్టడం తప్పదు. లావు పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రమాదమవుతుంది, దానికీ ‘ఇంకో రోజు చూద్దాం’ పనికిరాదు.

నగర్తపేట నుంచి క్వీన్స్ రోడ్డులోని ప్రభుత్వ పశువైద్యశాల సుమారు 4 కిలోమీటర్లు. 1958 నుంచి ఉన్న హెబ్బాళ పశువైద్య కళాశాల సుమారు 10 కిలోమీటర్లు. వేళలూ, రాత్రి ఎవరుంటారన్నదీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. రాత్రంతా తెరిచి ఉండే ప్రైవేటు ఆసుపత్రి నంబరు ఒకటి తలుపు వెనక రాసి పెట్టుకోండి. కాథెటర్ పెట్టి రెండు రోజులు ఉంచుకునే సదుపాయం ఉందా, సుమారు ఎంతవుతుంది అనే రెండు ప్రశ్నలూ అప్పుడే అడిగేయండి. పగటిపూట ఈ సందుల్లోకి ఆటో రాదు, పెద్ద వీధి దాకా పిల్లిని మోసుకుపోవాలి. చేతుల్లో పట్టుకుపోతే హారన్ శబ్దానికి దూకేస్తుంది. మూతున్న క్యారియర్ లేకపోతే గట్టి ప్లాస్టిక్ బుట్టకు ఇంకో బుట్ట బోర్లించి తాడుతో కట్టి, పైన తువ్వాలు కప్పండి. గోరో పన్నో తగిలితే ఆ చోటును సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, రేబీస్ టీకా సంగతి అదే రోజు మీ డాక్టర్‌ను అడగండి. బయల్దేరుతూనే ఆసుపత్రికి ఫోన్ చేసి కన్నడంలో చెప్పాల్సిన మాట ఒక్కటే: “గండు బెక్కు, నిన్నె రాత్రియింద మూత్ర బర్తిల్ల” (మగపిల్లి, నిన్న రాత్రి నుంచి మూత్రం రావట్లేదు). ఆ ముక్క వింటే వరసలో కూర్చోబెట్టకుండా ముందు లోపలికి తీసుకుంటారు. తీసుకోకపోతే కౌంటర్ దగ్గర మొహమాటపడకుండా మళ్లీ చెప్పండి, ఎన్ని గంటలైందో అంకె చెప్పి మరీ.